మెరుపుకి ముసుగు

ఆ ఉదయం ఉరుములాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య స్నానానికి వెళ్ళగానే వంటింట్లోని తెల్ల ప్లాస్టిక్ చక్కెర డబ్బాని ఎవరి కంటా పడకుండా స్టూడియోలోకి చేర్చడం. అంతే. లోకంలో పెద్ద పెద్ద గొడవలన్నీ ఇలాంటి చిన్న చిన్న డబ్బాలతోనే మొదలవుతాయని తెలిసుంటే, పాపం, దుప్పటి కప్పుకుని మళ్ళీ పడుకునేవాడే.

ఉరుములాయన అంటే ఫోటోగ్రాఫరు. ఇంటి ముందు గది స్టూడియో, వెనక గదులు కాపురం. ఆ పేరు వీధివాళ్ళు పెట్టింది. ఆకాశంలో ముందు మెరుపు మెరుస్తుంది, ఆనక ఉరుము ఉరుముతుంది. ఈయన దగ్గర వరస తిరగబడింది. ముందు "కళ్ళూ! కళ్ళు మూయొద్దూ!" అని ఉరుము, ఆ వెంటనే ఫ్లాష్ మెరుపు. ఆ కేకకి లోపల ఫోటో దిగేవాళ్ళే కాదు, బయట సైకిలు మీద పోయేవాళ్ళు కూడా కళ్ళు ఇంతింత చేసేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈయన నోటికి ఊరు మంచిదయిందో లేదో గానీ, మేలుకుని మాత్రం ఉండేది.

ఇలాంటి మనిషికి దేవుడు ఏరికోరి లైబ్రరీలో పనిచేసే భార్యని ఇచ్చాడు. ఆవిడ పగలంతా "నిశ్శబ్దం" అన్న బోర్డు కింద కూర్చుంటుంది. అక్కడ కాగితం తిప్పిన చప్పుడే పెద్ద గోల. సాయంత్రం ఇంటికొచ్చి ఉరుము పక్కన కూర్చుంటుంది. ఆ ఓర్పుకి వేరే బోర్డు పెట్టించాలి.

కాపురంలో ఒకే ఒక్క లోటు. ఎన్ని ఫోటోలు తీసినా భార్య కళ్ళు మూసేది. పెళ్ళయిన కొత్తలో తీసిన ఫోటోలో మూసింది, సిగ్గనుకున్నాడు. సముద్రం ఒడ్డున మూసింది, ఇసక పడిందనుకున్నాడు. పిల్లని ఎత్తుకుని మూసింది, నిద్రలేమి అనుకున్నాడు. ఆ పిల్ల పెరిగి పెద్దదై, పెళ్ళి చేసుకుని, వేరే ఊళ్ళో ఉద్యోగం కూడా చేసుకుంటోంది. ఈవిడ మాత్రం ఆల్బం పొడుగునా నిద్రపోతూనే ఉంది. కంటికి రెప్పలా చూసుకుంటానని మాటిచ్చి పెళ్ళాడిన మగాడికి ఆ రెప్పే శత్రువై కూర్చుంది.

దానికి ఇన్నాళ్ళూ ఎవరికీ నష్టం లేకపోయింది. ఇప్పుడొచ్చింది. భార్య లైబ్రరీకి అధిపతి అయింది. పాత అధిపతుల ఫోటోలన్నీ చదువుకునే హాల్లో గోడకి వరసగా ఉన్నాయి. ఎవరో పుస్తకం ఎత్తుకుపోతుంటే పట్టుకున్నట్టు అందరూ కళ్ళు విప్పార్చి చూస్తుంటారు. ఆ వరసలోకి ఈవిడ ఫోటో ఎక్కాలి.

"ఏమండీ, సోమవారానికల్లా ఫోటో ఇవ్వాలట. ఈసారి కళ్ళు తెరిచున్నది కావాలి."

"తెరవడం నీ పని, తీయడం నా పని. నా పని నేనెప్పుడూ ఆపలేదే!"

"ఆ ఫ్లాష్ వెలిగిందంటే కంట్లో కారం కొట్టినట్టే ఉంటుంది నాకు. దాన్ని కాస్త తగ్గించొచ్చుగా?"

"ఊళ్ళో అందరికీ బానే ఉన్న ఫ్లాష్ నీకే కారమైందా? కళ్ళు నీవి, కారణం నాదా?"

"సరే, నావే. రేపు గోడమీద కళ్ళు మూసుకుని వేలాడతాను. చదువుకోడానికి వచ్చినవాళ్ళు, ఇక్కడి పుస్తకాలు చదివీ చదివీ ఈవిడ ఇలా అయిపోయిందనుకుంటారు."

"అనుకోనీ. అక్కడ ఏదనుకున్నా నిశ్శబ్దంగానే అనుకోవాలిగా!"

భార్య నవ్వలేదు. సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగింది. "ఆదివారం దాకా చూస్తానండీ. కాకపోతే రోడ్డు దాటుతాను. ఆ గోడమీదైనా ఒక్కసారి మెలకువగా ఉండాలనుంది నాకు," అంది.

రోడ్డు దాటడమంటే ఎదురు స్టూడియోకి వెళ్ళడం. ఉరుములాయన గుండెలో ఉరుము పడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంటావిడే వెళ్ళి రచ్చలో గెలిచొస్తే ఇక తను కెమెరా మెళ్ళో వేసుకుని ఊరేగడం ఎందుకు? అంతకంటే ఆ చివరి మాట ఆయన్ని గుచ్చింది. ఆవిడ ఏదీ అడగని మనిషి. అడిగిన ఒక్కటీ రెప్పపాటుది.

పైకి ఒప్పుకోడు గానీ, ఫ్లాష్ సూటిగా కొడుతుందని ఆయనకి తెలుసు. వెలుగు చిన్న కంతలోంచి దూకితే గుచ్చుతుంది, పెద్ద తెల్లగుడ్డలోంచి దిగితే నిమురుతుంది. దానికోసమే తయారుచేసిన ముసుగులు దొరుకుతాయి, డిఫ్యూజర్లంటారు. అయితే ఆ ఊళ్ళో అవి అమ్మేది ఎదురు స్టూడియోవాడొక్కడే. వాడి దగ్గర కొనడం కంటే భార్యని నేరుగా వాడి దగ్గరకే పంపడం నయం. అందుకని ఇంట్లో ఉన్నవాటితోనే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, తనే చేసుకోవాలని తీర్మానించాడు. చెబితే, ఇన్నేళ్ళ వాదనలో తను ఓడినట్టు. చేసి చూపిస్తే, గెలిచినట్టు.

స్టూడియోలో వెలుగు సరిచూసుకోడానికి ఒక ప్లాస్టర్ బొమ్మ తల ఉంది. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. మొదటి ముసుగు బటర్ పేపరుతో చేశాడు. బొమ్మకి కామెర్లొచ్చాయి. రెండోది తన గులాబీరంగు చేతిరుమాలు. బొమ్మ సిగ్గుపడింది. మూడోది నీలం పాలిథిన్ సంచీ. బొమ్మ పోయి రెండ్రోజులైనట్టు కనిపించింది. అప్పుడు జ్ఞానోదయమైంది. ముసుగు తెల్లదై తీరాలి. మల్లెపువ్వంత తెల్లగా ఉండాలి.

అదిగో, అలా వచ్చింది చక్కెర డబ్బా వంతు. అడుగు కోసి ఫ్లాష్ తలకి తొడిగితే సరిగ్గా పట్టేలా ఉంది. మరి లోపలి చక్కెర? పక్కన ఖాళీ డబ్బా ఒకటి కనిపిస్తే అందులో కుమ్మరించేశాడు. ఖాళీ డబ్బా మీద "ఉప్పు" అని రాసుంది. ఫోటోగ్రాఫర్లకి వెలుగు తప్ప ఇంకేమీ కనిపించదు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

ఆ మధ్యాహ్నం వంట ఆయన తల్లిది. పెద్దావిడకి చెవి కాస్త మందం. చెవి మిషను ఉంది గానీ తరచూ పెట్టుకోదు. "అది లేకపోతేనే నా కొడుకు గొంతు మనుషుల గొంతులా వినబడుతుంది," అనేది. ఫోటో దిగేటప్పుడైతే తీసి పెట్టెలో దాచేసేది. చెవిలో బొత్తాం కనిపిస్తే వయసు తెలిసిపోతుందని. అన్నట్టు ఆవిడ ఫోటోలన్నిటిలోనూ కళ్ళు దీపాల్లా వెలుగుతుంటాయి. "మా అమ్మని చూసి నేర్చుకో!" అని ఉరుములాయన భార్యని దెప్పడం ఆ ఇంట్లో రివాజు.

పెద్దావిడ ఉప్పు డబ్బాలోంచి తీసి కూరలో వేసింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కోడలు ఒక ముద్ద తిని, తలెత్తి అత్తగారి మొహం చూసింది. కూర పాయసమైపోయింది. అత్తయ్యకి మతిమరుపు మొదలైందా? ఈ వయసులో ఆ మాట పైకంటే ఎంత నొచ్చుకుంటుంది!

"కూర బావుంది అత్తయ్యా," అంది గట్టిగా. ఇంకో గరిట వడ్డించుకుని మరీ తింది.

పెద్దావిడా ఒక ముద్ద తింది. డబ్బా వైపు చూసింది. ఉప్పు డబ్బాలో చక్కెర పోసింది కోడలే అయ్యుండాలి. కొత్త ఉద్యోగం, కొత్త బాధ్యత, పాపం పిల్లకి మతి ఉన్నచోట ఉండటం లేదు. పైగా తీపికూర తిని బావుందంటోంది. రుచి కూడా తెలియడం లేదు! నిండా మునగక ముందే చూసుకోవాలి.

"నీకు నచ్చింది, అంతే చాలమ్మా," అంది పెద్దావిడ, కన్నీళ్ళు మింగుతూ.

మూడో మనిషి ఆ కూరే మూడుసార్లు కలుపుకుని తిన్నాడు. ఆయన మనసు బొమ్మ తల మీదుంది.

ఆ తర్వాత ఇంట్లో తెల్లవారితే చాలు, ఏదో ఒక తెల్లది మాయం. ముందు భార్య స్నానాలగదిలో తలకి పెట్టుకునే తెల్ల ప్లాస్టిక్ టోపీ. తర్వాత తలగడ గలీబు. ఆనక పెద్దావిడ తెల్ల శాలువా. అన్నీ పోయాక ఇంట్లో మిగిలింది తెల్లబోవడమొక్కటే.

భార్య మనసులో లెక్క తేలిపోయింది. అత్తయ్య ఎక్కడో పెట్టి మర్చిపోతోంది. అడిగితే చిన్నబుచ్చుకుంటుంది. అందుకని పోయిన ప్రతిదానికీ అచ్చం అలాంటిదే కొత్తది కొనుక్కొచ్చి గప్‌చిప్‌గా పాతదాని చోట పెట్టేది. డబ్బా వచ్చింది, టోపీ వచ్చింది, గలీబులొచ్చాయి.

పెద్దావిడ మనసులోనూ లెక్క తేలింది. ఉన్నవి ఉన్నాయని మర్చిపోయి కోడలు కొన్నవే మళ్ళీ కొంటోంది. వీధివాళ్ళు చూస్తే నవ్విపోతారు. అందుకని కొత్తవన్నీ తీసి, ఎవరూ తెరవని పాత ట్రంకుపెట్టెలో దాచేసేది.

ఆ ట్రంకుపెట్టె ఉన్నది స్టూడియో మూలన, తెరల వెనక. ఉరుములాయన రబ్బరు బ్యాండు కోసం వెతుకుతూ దాని మూత ఎత్తాడు. లోపల తెల్లటి డబ్బా, తెల్లటి టోపీ, మడతపెట్టిన తెల్లటి గలీబులు.

"చూశావా," అన్నాడు బొమ్మతో, జీవితంలో మొదటిసారి మెల్లగా. "మా ఆవిడ అన్నీ కనిపెట్టేసింది. అయినా ఒక్క మాట అనలేదు. నా పరువు పోకుండా, నాకు కావలసినవన్నీ తనే కొనిపెట్టి ఇక్కడ ఉంచింది." కళ్ళు చెమర్చాయి. తుడుచుకోడానికి గలీబు తీశాడు గానీ, తెలుపు మాస్తుందని చొక్కా చేతికే తుడుచుకున్నాడు.

ప్రేమకి ప్రేమే సమాధానమని, ట్రంకులోవన్నీ వాడేశాడు. కొత్తవి కూడా మాయమయ్యేసరికి అత్తాకోడళ్ళిద్దరికీ గుండెలు జారాయి.

కోడలు లైబ్రరీ నుంచి వస్తూ వీధి చివరి డాక్టరు దగ్గర ఆగింది. "మా అత్తయ్యగారిని ఒకసారి చూడాలండీ. ఆదివారం పొద్దున ఊరికే వచ్చినట్టు రండి. పరీక్ష అని తెలియకూడదు. చాలా అభిమానం గల మనిషి."

ఆవిడ మలుపు తిరిగిందో లేదో, పెద్దావిడ మోకాలి నెప్పి వంకతో అదే మెట్లెక్కింది. "మా కోడల్ని చూడాలయ్యా. ఆదివారం ఊరికే వచ్చినట్టు రా. దానికి తెలియకూడదు. నా కూతురి కంటే ఎక్కువది."

ఒకరి రహస్యం ఇంకొకరికి చెప్పకూడదన్నది వైద్యధర్మం. డాక్టరు ధర్మాత్ముడు. రెండు చెవుల్లో రెండు రహస్యాలు పెట్టుకుని ఆదివారం పొద్దున్నే దిగాడు.

స్టూడియో తలుపు మూసుంది. లోపల ఉరుములాయన తుదిమెరుగులు దిద్దుతున్నాడు. వెనక గదిలో కోడలు అత్తగారి చెవి మిషను తెచ్చి చేతిలో పెట్టింది, డాక్టరు ప్రశ్నలు వినపడాలని. పెద్దావిడ మారుమాట లేకుండా పెట్టుకుంది, కోడలి జవాబులు వినపడాలని.

"ఊరికే ఇటు వెళుతూ వచ్చాను," అన్నాడు డాక్టరు, మెళ్ళో స్టెతస్కోపుతో. "ఈవేళ ఏం వారమో!"

"అత్తయ్యా, మీరు చెప్పండి."

"నువ్వు చెప్పమ్మా, నీ నోట వినాలనుంది."

"పెద్దవారు, ముందు మీరు."

"ఉద్యోగం చేసేదానివి, వారాలు నీకు తెలిసినట్టు నాకేం తెలుసు?"

వారం ఎవరూ చెప్పకపోయేసరికి డాక్టరు ఇద్దరి వైపూ జాలిగా చూసి, తనే ఆదివారమని చెప్పేసుకున్నాడు. గొంతు సవరించుకుని, "వంటింట్లో ఎప్పుడైనా వస్తువులు తారుమారవుతుంటాయా? మాటకి, ఉప్పూ చక్కెరా లాంటివి?" అన్నాడు.

"నేనే పోశాను!" అంది కోడలు.

"నేనే పోశాను!" అంది అత్తగారు.



"ఉప్పు డబ్బాలో చక్కెర పోసింది నేనే డాక్టరుగారూ. అత్తయ్యకి దాంతో ఏ సంబంధమూ లేదు."

"అది నన్ను వెనకేసుకొస్తోందయ్యా. పోసింది నేను. ముసలిదాన్ని, ఏం రాసినా నాకే రాయి. దాన్ని వదిలెయ్. దాని ఫోటో గోడకెక్కాలి, దానికి మతిమరుపని ఎక్కడా పేరు రాకూడదు!"

"నాకా మతిమరుపు?"

"మరి కొన్నవే మళ్ళీ కొనడం ఏమిటే తల్లీ?"

"మీరు పారేసుకుంటుంటే కొనక ఏం చేయను అత్తయ్యా?"

"నేను పారేశానా! నువ్వు కొన్నవి దాచలేక నడుము పోయింది!"

రోగం లేదని పోట్లాడేవాళ్ళని డాక్టరు ఎందరినో చూశాడు గానీ, రోగం నాదంటే నాదని ఇద్దరు పోట్లాడుకోవడం చూడలేదు. ఎవరి చెయ్యి పట్టుకుని నాడి చూడాలో తెలియక తన నాడే చూసుకుంటుండగా, స్టూడియో తలుపు భళ్ళున తెరుచుకుంది.

"రండి రండి! అంతా సిద్ధం!"

లోపల వాళ్ళకి కనిపించినవి ఇవి. ఫ్లాష్ లైటు మూతికి చక్కెర డబ్బా. డబ్బాకి తెల్లటి టోపీ. దాని ముందు కర్రచట్రానికి బిగించిన గలీబులు. ఎడంపక్క కుర్చీ వీపు మీద పెద్దావిడ శాలువా, వెలుగు దానిమీద పడి వెనక్కి మళ్ళేలా. ఇంట్లో పోయిన తెలుపంతా అక్కడ పెళ్ళికి తరలొచ్చినట్టు కొలువుతీరి ఉంది.

"నా టోపీ," అంది భార్య.

"నా శాలువా," అంది తల్లి.

"రోగి దొరికాడు," అన్నాడు డాక్టరు.

విషయమంతా వెలుగులోకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. వచ్చాక అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరి కోసం ఒకరు తిన్న తీపికూర గుర్తొచ్చింది. ముందు నవ్వింది పెద్దావిడ. కోడలు ఆవిడ భుజం మీద తల ఆనించి నవ్వింది. ఎంతకీ ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది.

"ఒరేయ్, అడిగితే ఇవ్వమా? దొంగలా ఇదంతా ఎందుకురా?"

"అడిగితే ఫ్లాష్‌దే తప్పని ఒప్పుకున్నట్టవదూ!" అన్నాడు ఉరుములాయన. తర్వాత భార్య వైపు తిరిగి, గొంతు తగ్గించే ప్రయత్నం చేశాడు. అది ఆయనకి అలవాటు లేని విద్య. "నువ్వే చెప్పావుగా, కారం కొట్టినట్టుందని. ఇన్నేళ్ళూ కొట్టాను. ఇక కొట్టదు. కూర్చో."

భార్య కుర్చీలో కూర్చుంది. ఒక్కతే అయితే బిగుసుకుపోతుందని, ముందు ఇద్దరినీ కలిపి తీస్తానని తల్లిని పక్కన కూర్చోబెట్టాడు. ఆ హడావిడిలో పెద్దావిడ చెవిలో మిషను సంగతి మరిచిపోయింది. ఇంట్లో నిజమైన మతిమరుపు అంటూ ఉంటే అదొక్కటే.

ఉరుములాయన కెమెరా కంటికి ఆనించాడు.

"కళ్ళూ! కళ్ళు మూయొద్దూ!"

వెలుగు వెన్నెల్లా దిగింది. డబ్బాలో నలిగి, టోపీలో చల్లబడి, గలీబుల్లోంచి జారి ఇద్దరి మొహాలనీ మెత్తగా తడిమింది. అంత మంచి వెలుగు ఆ స్టూడియోలో ఎన్నడూ వెలగలేదు. ఆయన కెమెరా వెనక తెర చూసుకున్నాడు. మొహం వాడిపోయింది.

"మళ్ళీ మూశానా?" అంది భార్య. అప్పటికే జవాబు తెలిసిన గొంతు.

డాక్టరు వంగి చూశాడు. "అమ్మగారు కూడా మూశారే!"

"అబద్ధం! నేనెప్పుడూ మూయను," అంది పెద్దావిడ. చెవి రుద్దుకుంటూ లేచి వచ్చి చూసింది. ఫోటోలో అత్తాకోడళ్ళిద్దరూ గట్టిగా, ఒకేలా, బాంబు పడుతుంటే మూసుకున్నట్టు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆవిడ చెయ్యి మెల్లగా చెవి మిషను మీదకి వెళ్ళింది.

"ఒరేయ్," అంది. "ఫోటో తీసే ప్రతిసారీ ఇలాగే అరుస్తావా?"

"అరుపేమిటమ్మా? జాగ్రత్త చెబుతాను."

"ఇన్నేళ్ళూ మిషను తీసేసి కూర్చున్నాను, కాబట్టి బతికిపోయాను. ఇదిరా రోగం! ఫ్లాష్ కాదు, నీ కేక! పగలంతా సూది పడితే వినబడే చోట కూర్చునే పిల్ల చెవిలో పిడుగేస్తే కళ్ళు మూయక ఏం చేస్తుంది? ముసుగు వెయ్యాల్సింది ఆ మెరుపుకి కాదురా, ఈ ఉరుముకి!"

ఉరుములాయన భార్య వైపు చూశాడు. "నువ్వు ఫ్లాష్ అన్నావుగా?"

"రెండూ ఒక్కసారే వస్తాయి. కళ్ళు మూసుకున్నాక ఏది ఏదో ఎలా తెలుస్తుందండీ?" అంది ఆవిడ మెల్లగా. "నేనూ ఇన్నేళ్ళూ ఫ్లాషే అనుకున్నాను. మీ కేక గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. అలవాటైపోయింది. అది లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు."

ఆ మాటకి ఆయన జేబులోంచి ఆ గులాబీరంగు చేతిరుమాలు తీశాడు. బొమ్మకి పనికిరాని మొదటి ముసుగుల్లో ఒకటి. దాన్ని మడిచి తన నోటికి అడ్డంగా కట్టుకున్నాడు. డాక్టరు వెనక ముడి వేశాడు, కాస్త గట్టిగానే.

భార్య ఒక్కతే కుర్చీలో కూర్చుంది. ఆయన కెమెరా ఎత్తాడు. గదిలో చప్పుడు లేదు. ఆవిడ కేక కోసం ఎదురుచూసింది. రాలేదు. ఏమైందా అని కళ్ళు పెద్దవి చేసి ఆయన వైపు చూసింది. రుమాలు పైన ఆయన కళ్ళు కనిపించాయి. ఎన్నేళ్ళ నుంచో ఆ కళ్ళు ఆవిడ కళ్ళ కోసమే చూస్తున్నాయి. ఆవిడ పెదవి కొసన నవ్వు మొదలైంది. వెన్నెల దిగింది.

తెర మీద ఆవిడ మేలుకుని ఉంది.

ఉరుములాయన కెమెరాని ఆవిడ చేతిలో పెట్టాడు. రుమాలు విప్పలేదు. విప్పితే గొంతు ఎలా వస్తుందో ఆయనకే నమ్మకం లేదు. ఆవిడ చాలాసేపు చూసుకుంది. "నా కళ్ళు ఇలా ఉంటాయా?" అని మాత్రం అడిగింది. ఆయన అవునని తలూపాడు.

సోమవారం ఫోటో గోడకెక్కింది. చూసినవాళ్ళంతా వెలుగు ఎంత మెత్తగా ఉందో అని మెచ్చుకున్నారు. ఎదురు స్టూడియోవాడు కూడా వచ్చి, ఆ డిఫ్యూజరు ఏ కంపెనీదని అడిగి వెళ్ళాడు. చక్కెర కంపెనీదని ఆయన చెప్పలేదు.

ఫోటో ఎలా తీశారో వివరిస్తూ కింద ఏదైనా రాయించాలని లైబ్రరీవాళ్ళు అనుకున్నారు గానీ, "నిశ్శబ్దం" అన్న బోర్డు అప్పటికే అక్కడ ఉండటంతో ఆ అవసరం రాలేదు.